బరువు తగ్గొచ్చు... విలువ తగ్గొద్దు!

అద్దం చూస్తే అసంతృప్తి. బరువు తూచుకుంటే బెంగ. దాంతో పొద్దున టిఫిను బంద్‌, రాత్రి అన్నం బంద్‌. నాలుగు రోజులకే నీరసం, అయిదో రోజు ఆవురావురుమంటూ ఆరగింపు, ఆపైన 'ఎందుకు తిన్నానా' అన్న బాధ... మళ్లీ డైటింగ్‌! ఎన్నో ఇళ్లలో పిల్లలూ పెద్దలూ తిరుగుతున్న గానుగ ఇది. దీన్నుంచి బయటపడే దారి కడుపు మాడ్చుకోవడంలో లేదు. మనల్ని మనం చూసుకునే తీరులో, రోజూ చేసే చిన్నచిన్న పనుల్లో ఉంది.

'ఏంటే, ఈమధ్య కాస్త ఒళ్లు చేశావ్‌?'

పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాల పలకరింపు చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. అన్నవాళ్లు ఆ మాటని చెయ్యి కడుక్కునేలోపే మర్చిపోతారు. పడినవాళ్లు మాత్రం ఇంటికి మోసుకెళ్తారు. ఇంటర్‌ చదివే అమ్మాయి ఆ రాత్రి నుంచీ అన్నం మానేస్తుంది. పెళ్లి కుదిరిన పిల్ల ముహూర్తానికి నలభై రోజులుందని లెక్కపెట్టుకుని కీరాముక్కలతో సరిపెట్టుకుంటుంది. కాన్పయి ఆరు నెలలు తిరగని తల్లి, పాత జాకెట్లు పట్టడంలేదని పాలిచ్చే రోజుల్లోనే పస్తులుంటుంది. అబ్బాయిలేం తక్కువ తినలేదు. 2007లో 'దేశముదురు' వచ్చాక తెలుగు కుర్రాళ్ల నోట పడిన సిక్స్‌ప్యాక్‌ మాట ఇంకా దిగలేదు. అన్నం మానేసి ప్రొటీన్‌ పొడుల డబ్బాలు పట్టుకు తిరిగేవాళ్లు వీధికొకరు కనిపిస్తారు.

వీళ్లందరి కోరికా తప్పేం కాదు. చక్కగా కనిపించాలనీ, చలాకీగా ఉండాలనీ ఎవరికుండదు? చిక్కల్లా ఎంచుకున్న దారితోనే. మరో చిక్కు కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. తెలంగాణలో అది 30.1 శాతం. అంటే బరువు సంగతిని పట్టించుకోనక్కర్లేదని అనలేం. కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. అదే వయసు మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒంట్లో కొవ్వు ఎక్కువ, రక్తం తక్కువ... రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఆ మనిషి తిండి మానేస్తే ఏమవుతుంది? తగ్గాల్సిన కొవ్వుకన్నా ముందు, ఉండాల్సిన శక్తి పోతుంది.

ఆకలి చేసే మాయ

డైటింగ్‌ మొదలుపెట్టిన వాళ్లకి ఒక అనుభవం తప్పకుండా ఎదురవుతుంది. మామూలు రోజుల్లో గుర్తే రాని మైసూరుబజ్జీ కలలోకి వస్తుంది. పక్కింటి పోపు వాసనకి ప్రాణం లేచొస్తుంది. 'నాకు మనోనిగ్రహం లేదు' అని తిట్టుకుంటారు చాలామంది. అది నిగ్రహానికి సంబంధించిన సంగతి కాదని 80 ఏళ్ల క్రితమే తేలింది.

రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్‌ కీస్‌ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆకలితో మాడిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోక సైన్యంలో చేరని 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. శరీరంగానీ మనసుగానీ ఏ లోపం లేదని పరీక్షించి మరీ ఎంపిక చేశారు వాళ్లని. 24 వారాలపాటు రోజుకు సుమారు 1570 కేలరీల తిండి పెట్టారు. ఇప్పటి డైట్‌ చార్టుల్లో తరచూ కనిపించే వెయ్యి, పన్నెండొందల కేలరీలకంటే అది ఎక్కువే!

అయినా ఏమైంది? బరువు దాదాపు నాలుగోవంతు తగ్గారు. దాంతోపాటు జుట్టు రాలింది. ఎండాకాలంలోనూ చలేసింది. హుషారైన కుర్రాళ్లు చిరాగ్గా, దిగులుగా తయారయ్యారు. స్నేహితుల మీద, అమ్మాయిల మీద, చదువు మీద ఆసక్తి పోయింది. పగలూ రాత్రీ ఒకటే ధ్యాస... తిండి! వంట పుస్తకాలు తెచ్చుకుని నవలల్లా చదివారు. కంచాలు నాకారు. ప్రయోగం అయిపోయి కావల్సినంత తిండి దొరికాక కూడా చాలామందికి కడుపు నిండిన భావన కలగలేదు. తిన్నదే తిన్నారు. ఈ వివరాలన్నీ కీస్‌ బృందం 1950లో రెండు పెద్ద సంపుటాలుగా ప్రచురించింది.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటే. తిండి గురించిన పిచ్చి ఆలోచనలు, ఒక్కసారిగా మీదపడి తినేయడం... ఇవి బలహీనమైన మనసుకి గుర్తులు కావు. ఆకలితో ఉన్న శరీరం పెట్టే కేకలు.

ఒళ్లు ఒప్పుకోదు

మన శరీరానికి పెళ్లి ముహూర్తం తెలీదు, కాలేజీ ఫంక్షన్‌ తెలీదు. తిండి తగ్గిందంటే దానికి అర్థమయ్యేది ఒక్కటే... కరువొచ్చింది! వెంటనే పొదుపు మొదలుపెడుతుంది. 1994లో శాస్త్రవేత్తలు కనిపెట్టిన లెప్టిన్‌ అనే హార్మోను కొవ్వు కణాల్లో తయారై, నిల్వలు ఎంతున్నాయో మెదడుకు చెబుతుంది. కొవ్వు కరిగితే లెప్టిన్‌ తగ్గుతుంది. 'నిల్వలు అయిపోతున్నాయి, తిను తిను' అంటుంది మెదడు. ఆకలి పుట్టించే గ్రెలిన్‌ అనే మరో హార్మోను పెరుగుతుంది. ఇది పదిరోజుల ముచ్చటా కాదు. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాలపాటు చాలా తక్కువ కేలరీల ఆహారమిచ్చి చూస్తే, ఏడాది తర్వాత కూడా వాళ్ల ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదని 2011లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

అమెరికాలో 'ద బిగ్గెస్ట్‌ లూజర్‌' అనే టీవీ పోటీ ఉండేది. ఎవరు ఎక్కువ బరువు తగ్గితే వారికి బహుమతి. 2009లో అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. పోటీలో వాళ్లు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్లలో సగటున 41 కిలోలు తిరిగొచ్చాయి. అంతకన్నా విచారించాల్సిన సంగతి, వాళ్ల శరీరాలు ఖర్చు చేయాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. ఆరేళ్లయినా ఒళ్లు ఆ కరువుని మర్చిపోలేదన్నమాట.

ఎదిగే పిల్లల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. మిన్నెసోటా విశ్వవిద్యాలయమే కౌమార వయసువారి మీద చేసిన మరో పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. డైటింగ్‌ చేసిన పిల్లలు అయిదేళ్ల తర్వాత, చేయనివాళ్లకన్నా ఎక్కువ బరువు పెరిగారు! అదుపు లేకుండా తినడం, వాంతి చేసుకోవడం లాంటివీ వాళ్లలోనే ఎక్కువ.

తెలుగునాట కూడా ఈ గాలులు వీచిపోతూనే ఉన్నాయి. 2018 ప్రాంతంలో కొబ్బరినూనె, నిమ్మరసం డైట్‌ ఊరూరా పాకింది. దుకాణాల్లో కొబ్బరినూనెకి గిరాకీ పెరిగింది. ఆ తర్వాత కీటో, ఆపైన గంటల లెక్కన పస్తులు. పేరేదైనా, వారంలో అయిదు కిలోలు తగ్గిస్తామనే మాటని నమ్మే ముందు దాని ఖరీదు తెలుసుకోవాలి. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. రెండు మూడు నెలలకి జుట్టు గుత్తులుగా రాలుతుంది. నెలసరి గతి తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఎముకలు గట్టిపడేది ఇరవైల్లోపే. ఆ వయసులో కడుపు మాడ్చుకుంటే, ఆ లోటు అరవైల్లో తుంటి విరిగినప్పుడు తెలుస్తుంది.

'మరి లంఖణం పరమౌషధం అన్నారు కదా' అంటారా? కార్తీక సోమవారం ఉపవాసానికీ దీనికీ తేడా ఉంది. ఉపవాసం చుక్కను చూడగానే ముగుస్తుంది. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని కమ్మగా తింటారు. అందులో భక్తి ఉంది తప్ప ఒంటి మీద కోపం లేదు. డైటింగ్‌కి చుక్క పొడిచే వేళ అంటూ ఉండదు. అసలు తేడా అదే.

ఈ కొలత ఎవరిది?

బరువు గురించి మాట రాగానే అందరూ చెప్పే అంకె బీఎంఐ. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది. ఈ లెక్క కట్టింది వైద్యుడు కాదు. అడాల్ఫ్‌ కెట్లే అనే బెల్జియం గణిత, ఖగోళ శాస్త్రవేత్త 1830ల్లో సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కతేల్చడానికి దీన్ని వాడాడు. జనాభా మొత్తాన్ని అంచనా వేయడానికి పనికొచ్చిన ఆ సూత్రానికి 1972లో బాడీ మాస్‌ ఇండెక్స్‌ అని పేరుపెట్టింది ఇందాకటి ఆన్సెల్‌ కీసే. కండ ఎంతో, కొవ్వు ఎంతో, అది ఎక్కడుందో ఆ అంకె చెప్పదు. పొలం పనిచేసే మనిషికీ రోజంతా కుర్చీలో కూర్చునే మనిషికీ ఒకే బీఎంఐ ఉండొచ్చు. ఆరోగ్యం ఒకటే అవుతుందా?

అలాగని కొలతలన్నీ దండగనుకోవద్దు. మనవాళ్లకి తక్కువ బరువులోనే మధుమేహం ముప్పు మొదలవుతుంది. అందుకే మన దేశంలో నిపుణులు 2009లో బీఎంఐ 23 దాటితే అధిక బరువు అని హద్దు గీశారు. ఇతర దేశాల్లో అది 25. బొజ్జ సంగతి మరీ ముఖ్యం. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్‌, హిమోగ్లోబిన్‌... ఈ పరీక్షలు చెప్పే సంగతుల్లో సగం కూడా బరువు మెషిన్‌ చెప్పలేదు. డాక్టరు చూసే అంకె ఆరోగ్యానికి సంబంధించింది. ఆ అంకెని మన వ్యక్తిత్వానికి వేసిన మార్కుల్లా చదువుకోవడంతోనే గొడవంతా.

టీవీ వచ్చిన ఊళ్లో...

సన్నగా ఉంటేనే అందమని ఎవరు చెప్పారు? 1957లో వచ్చిన 'మాయాబజార్‌'లో శశిరేఖని చూసి మురిసిపోయిన ప్రేక్షకులెవరూ సావిత్రి నడుము కొలతలు అడగలేదు. బొద్దుగా ఉన్న పిల్లని లక్ష్మీకళ అని మెచ్చుకున్న ఇళ్లే, అర్ధశతాబ్దం తిరిగేసరికి సైజ్‌ జీరో గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. 2008లో హిందీ సినిమా 'తషన్‌' కోసం కరీనాకపూర్‌ సన్నబడ్డాక ఆ మాట దేశమంతా మారుమోగింది. దానికి జవాబా అన్నట్టు 2015లో తెలుగులో 'సైజ్‌ జీరో' వచ్చింది. బొద్దుగా ఉండే అమ్మాయి పాత్ర కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది. బరువు తగ్గిస్తామంటూ జనం ప్రాణాలతో ఆడుకునే సంస్థ మీద ఆ అమ్మాయి పోరాటమే ఆ కథ.

తెరమీద బొమ్మ ఎంత పనిచేస్తుందో చూడాలంటే పసిఫిక్‌ మహాసముద్రంలోని ఫిజీ దీవులకి వెళ్లాలి. అక్కడ నిండైన శరీరమే అందం, ఆరోగ్యం. బాగా తినమని చుట్టాలకి కొసరి కొసరి వడ్డించే సంప్రదాయం, అచ్చం మన పల్లెల్లోలాగే. అక్కడి నడ్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్‌ పరిశోధకురాలు యాన్‌ బెకర్‌ ఆ ఏడాది కొంతమంది హైస్కూలు అమ్మాయిల్ని ప్రశ్నించారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకునేవాళ్లు ఒక్కరు కూడా లేరు. మూడేళ్ల తర్వాత, 1998లో మళ్లీ అడిగితే నూటికి 11 మంది ఆ పని చేస్తున్నామన్నారు. తిండి విషయంలో అపసవ్య ధోరణులున్నవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. మూడేళ్లు... అంతే!

ఇప్పుడు టీవీ కాదు, ప్రతి అరచేతిలోనూ ఒక తెర. అందులో కనిపించే చర్మం, నడుము, దవడ... చాలామటుకు యాప్‌లు చెక్కిన శిల్పాలే. ఈ ముప్పుని గుర్తించే ఫ్రాన్స్‌ ప్రభుత్వం 2017 నుంచి కొత్త నిబంధనలు తెచ్చింది. మోడల్స్‌ ఆరోగ్యంగా ఉన్నారని డాక్టరు సర్టిఫికెట్‌ ఉండాలి. ప్రకటనల్లో మోడల్‌ ఒంటి ఆకారాన్ని మార్చిన ఫొటో వాడితే, మార్చామని దానిమీదే రాయాలి. మనింట్లో ఆ చట్టం లేకపోయినా, ఫొటో చూసినప్పుడల్లా ఆ మాటని మనసులో రాసుకోవచ్చు.

ఒంటి నిట్టాడి గుడిసె

పాతకాలం గుడిసెల్లో నడిమధ్య ఒకే ఒక నిట్టాడి ఉండేది. కప్పు బరువంతా దానిమీదే. అది ఒరిగిందా, గుడిసె నేలమట్టం. 'నేను సన్నగా ఉంటేనే నాకు విలువ' అనుకునేవాళ్ల పరిస్థితీ అంతే. కిలో పెరిగితే చాలు, మనసు కూలిపోతుంది.

మిషిగన్‌ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త జెన్నిఫర్‌ క్రాకర్‌, ఆమె సహచరులు 2000ల మొదట్లో విద్యార్థుల మీద పరిశోధించి, మనుషులు తమ విలువని వేటిమీద నిలబెట్టుకుంటారో ఏడు అంశాలుగా విడదీశారు. కుటుంబ ప్రేమ, నీతి, దైవం, చదువు, పోటీ, ఎదుటివారి మెప్పు, రూపం. రూపం, మెప్పు లాంటి బయటి స్తంభాల మీద ఆధారపడిన వాళ్లలో ఒత్తిడి, కోపం, తిండికి సంబంధించిన సమస్యలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి చేయాల్సిన పని, ఆ ఒక్క నిట్టాడిని పీకేయడం కాదు. పక్కన మరో నాలుగు స్తంభాలు పాతుకోవడం. అదెలాగంటే...

పని చూపించండి: ఒళ్లు ఎలా కనిపిస్తోందన్నది కాక, ఏం చేయగలుగుతోందన్నది గమనించాలి. నిరుడు రెండంతస్తులు ఎక్కితే వచ్చిన ఆయాసం ఇప్పుడు లేదా? పిల్లాణ్ని ఎత్తుకుని బస్టాండు దాకా నడవగలిగారా? ఇలాంటివి వారానికి మూడు రాసిపెట్టుకోవాలి.

ఏదో ఒకటి నేర్చుకోండి: సంగీతం, ఈత, చదరంగం, కుట్టుపని, పెరటి తోట... ఏదైనా సరే. నిన్న రానిది ఇవాళ వచ్చిందన్న సంతోషం ఏ మెషిన్‌ మీదా తూగదు.

బట్టలు మీకోసం: 'సన్నబడ్డాక వేసుకుంటా' అని బీరువాలో దాచిన డ్రెస్సు తలుపు తీసినప్పుడల్లా వెక్కిరిస్తుంది. ఇవాళ్టి ఒంటికి సరిపోయే, మనసుకు నచ్చిన బట్టలే కట్టుకోవాలి. జాకెట్టు కుట్లు విప్పించుకోవడంలో ఓటమేం లేదు.

స్నేహితురాలితో అన్నట్టే: అద్దం ముందు మనల్ని మనం తిట్టుకునే మాటలు ప్రాణస్నేహితురాలితో అనగలమా? టెక్సస్‌ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్‌ నెఫ్‌ తన పట్ల తాను దయగా ఉండటం అనే గుణాన్ని 2003 నుంచీ శాస్త్రీయంగా అధ్యయనం చేస్తున్నారు. తప్పు జరిగినప్పుడు తిట్టుకోవడం కన్నా, ఆత్మీయులతో మాట్లాడినట్టు మనతో మనం మాట్లాడుకోవడమే మళ్లీ లేచి నిలబడటానికి సాయం చేస్తుందన్నది దాని సారం.

ఫోన్‌ ఊడ్చేయండి: చూసిన ప్రతిసారీ మనల్ని మనకే చిన్నగా అనిపించేలా చేసే ఖాతాల్ని తీసేయాలి. సంక్రాంతికి ఇల్లు దులుపుకోమా, ఇదీ అంతే.

మాట మారాలి

ఆత్మగౌరవం గాల్లోంచి రాదు. ఇంట్లో మాటల్లోంచి వస్తుంది. అమెరికాలో రెండువేల మందికి పైగా పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులతో జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. పిల్లలతో బరువు గురించి మాట్లాడే తల్లిదండ్రుల ఇళ్లలో డైటింగ్‌, పూటలు మానేయడం వంటి అనారోగ్యకర అలవాట్లు ఎక్కువ. బరువు ఊసెత్తకుండా మంచి తిండి గురించి మాత్రమే మాట్లాడే ఇళ్లలో అవి తక్కువ. విషయం ఒకటే, చెప్పే తీరులోనే తేడా.

'అన్ని అరిసెలా? ఇప్పటికే బండలా ఉన్నావ్‌' అనడానికి బదులు 'ఇంకోటి రేపు తిందాం, రా, అలా నడిచొద్దాం' అనొచ్చు. 'అక్కని చూడు ఎంత నాజూగ్గా ఉందో' అన్న పోలిక ఇద్దరు పిల్లలకీ నష్టమే. ఒకరికి చిన్నతనం, మరొకరికి ఆ నాజూకుతనం పోతుందేమోనన్న భయం. 'బొండాం', 'దుంప' లాంటి ముద్దుపేర్లు అన్నవాళ్లకే ముద్దు. అమ్మ అద్దం ముందు నిలబడి తన పొట్టని తాను తిట్టుకుంటుంటే గుమ్మంలో ఎనిమిదేళ్ల కూతురు వింటూనే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మరి చుట్టాల నోళ్లు మూయించడం ఎలా? పోట్లాట అక్కర్లేదు. 'ఆ సంగతి వదిలేయండి అత్తయ్యా, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?' అని మాట మార్చేయొచ్చు. పిల్ల ఎదురుగానే అంటే మాత్రం అమ్మో నాన్నో కల్పించుకుని, 'మా పిల్ల బాగానే ఉంది పిన్నీ' అని ఒక్క మాట అనాలి. ఆ ఒక్క మాటా పిల్ల జీవితాంతం దాచుకుంటుంది.

కంచం నిండుగానే...

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్‌) హైదరాబాద్‌కి గర్వకారణం. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో భాగ్యనగరానికి తరలివచ్చింది. దేశం మొత్తానికీ ఏం తినాలో చెప్పే ఈ సంస్థ 2024 మేలో 17 సూత్రాలతో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిలో ఎక్కడా కడుపు మాడ్చుకోమని లేదు.

రోజుకు 2000 కేలరీలు అవసరమైన వారి కంచంలో కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిపి అరకిలో ఉండాలంటుందా సంస్థ. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన ఇళ్లలో కంచం మధ్యలో అన్నం కొండలా, అంచున కూర ముగ్గుబొట్టులా ఉంటుంది. ఆ లెక్కని కాస్త తిరగేస్తే చాలు. అన్నం మానక్కర్లేదు. ఒక గరిటె తగ్గించి ఆ చోటులో తోటకూర పప్పో, చిక్కుడుకాయ కూరో, ఉడికించిన గుడ్డో పెట్టుకుంటే కడుపూ నిండుతుంది, త్వరగా ఆకలీ వేయదు. పెసరట్టు, అలసంద గుగ్గిళ్లు, ఉలవచారు, జొన్నరొట్టె, రాగిసంకటి, చిక్కటి మజ్జిగ... వీటికి విదేశీ పేర్లు లేవనే తప్ప ఏ డైట్‌కీ తీసిపోవు.

రక్తహీనత ఉన్నవాళ్లకి ఇనుము కావాలి. వయసొచ్చిన మహిళకి రోజుకు 29 మిల్లీగ్రాములు అవసరమని 2020లో ఖరారు చేసిన లెక్క. ఆకుకూర, పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరిపచ్చడి నంజుకున్నా ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీ వద్దు. కండల కోసం ప్రొటీన్‌ పొడులు వాడొద్దని కూడా ఈ మార్గదర్శకాలు చెప్పాయి. నిజంగా బరువు తగ్గాల్సిన వాళ్లకి వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమం. రోజుకు వెయ్యి కేలరీలకన్నా తక్కువ తింటే అవసరమైన పోషకాలన్నీ అందవు. మధుమేహానికి మందులు వాడేవాళ్లూ, గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ డాక్టర్ని అడక్కుండా పూట మానకూడదు.

66 రోజుల ఓపిక

'21 రోజులు చేస్తే అలవాటైపోతుంది' అంటారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో వేరే మాట చెప్పారు. మధ్యాహ్నం భోజనంతో పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాస్త పరుగెత్తడం లాంటి చిన్న పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలితే, మరికొందరికి 254 రోజులు పట్టొచ్చని లెక్కతేలింది. అందులోనే మంచి కబురూ ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదు. కాబట్టి 'ఇవాళ మిర్చిబజ్జీ తిన్నాను, ఇక అంతా పోయింది' అనుకోనక్కర్లేదు. రేపు పొద్దున మళ్లీ మొదలుపెట్టడమే.

కిటుకల్లా పాత పనికి కొత్త పనిని ముడేయడం. పళ్లు తోముకోగానే గ్లాసు నీళ్లు. రాత్రి గిన్నెలు సర్దాక వీధి చివరిదాకా నడక. ఫోన్‌ మాట్లాడేటప్పుడు నిలబడటం. టీవీ ముందు కాకుండా అందరూ ఒకచోట కూర్చుని రాత్రి భోజనం. నిద్ర పదిన్నరకి. ఒకేసారి అన్నీ కాదు, ఒకటి కుదిరాక ఇంకొకటి.

పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, పిల్లలకి రోజుకు సగటున గంట ఆట... ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క. రోజుకు పదివేల అడుగులన్న నియమం వైద్యులు పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. పెద్ద వయసు మహిళల మీద అమెరికాలో జరిగిన అధ్యయనంలో (2019) రోజుకు 4400 అడుగులకే మేలు కనిపించింది. 7500 దాకా ఆ మేలు పెరుగుతూ పోయింది. కూరగాయల మార్కెట్‌కి నడిచెళ్లడం, డాబా మీద పిల్లలతో షటిల్‌ ఆడటం, బతుకమ్మ చుట్టూ తిరగడం... ఇవన్నీ లెక్కలోకే వస్తాయి. వ్యాయామం తిన్నందుకు శిక్ష కాకూడదు. ఒంటికి దొరికే ఆట కావాలి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

తిండికి సంబంధించిన మానసిక జబ్బులు నిజమైన జబ్బులు. కడుపు మాడ్చుకునే అనొరెక్సియాకి 1870ల్లోనే వైద్యులు పేరుపెట్టారు. విపరీతంగా తిని వాంతి చేసుకునే బులీమియాని 1979లో గుర్తించారు. అమెరికన్‌ గాయని కారెన్‌ కార్పెంటర్‌ 1983లో 32 ఏళ్లకే అనొరెక్సియా వల్ల గుండె దెబ్బతిని చనిపోయింది. బులీమియాతో ఏళ్లపాటు బాధపడ్డానని బ్రిటన్‌ యువరాణి డయానా 1995లో టీవీలో చెప్పింది. పేరూ డబ్బూ వీటిని ఆపలేవు. ప్రేమగా గమనించే మనిషి, సమయానికి వైద్యం... ఇవే ఆపగలవు.

* కలిసి భోంచేయకుండా రోజూ ఏదో సాకు చెప్పడం, తిన్నానని అబద్ధమాడటం
* తిన్న వెంటనే బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకోవడం, రహస్యంగా విరేచనాల మాత్రలు వాడటం
* రోజుకు చాలాసార్లు బరువు చూసుకోవడం, సన్నగా ఉన్నా లావున్నానని ఏడవడం
* నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఎప్పుడూ చలిగా ఉందనడం
* పళ్ల మీది పింగాణీ అరిగిపోవడం, బుగ్గలు వాచినట్టుండటం

వీటిలో కొన్ని కనిపించినా కోప్పడొద్దు, బలవంతంగా తినిపించొద్దు. పక్కన కూర్చుని 'నీ గురించి దిగులుగా ఉంది, ఇద్దరం కలిసి డాక్టరుగారి దగ్గరికి వెళ్దాం' అనాలి. పదేపదే వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. అందుకే ముందు ఫిజీషియన్‌కి చూపించాలి, ఆపైన మానసిక వైద్యులూ పోషకాహార నిపుణుల సాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌ నంబరు 14416. ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు.

శరీరం మనం గెలవాల్సిన శత్రువు కాదు. పుట్టిననాటి నుంచీ ఒక్కరోజైనా సెలవడగని పనిమంతురాలు. వేళకింత మంచి తిండి, కాస్త నడక, కంటినిండా నిద్ర, నాలుగు మంచి మాటలు... అది అడిగేది ఇంతే. ఇవి ఇస్తూ పోతే తగ్గాల్సిన బరువు దానంతటదే మెల్లగా దారిలోకొస్తుంది. ఒకవేళ రెండు కిలోలు అటూఇటూ అయినా, మనిషి విలువలో వీసమెత్తు తేడా రాదు!